పుస్తకం వెనక చిరునామా

జూలై 11, శుక్రవారం

పొద్దున్నుంచి ముసురు. ఆకుమడిలో నీళ్ళు నిలిచి నారు పసుపు తిరుగుతోంది. గట్టు ఒకచోట కోసి నీళ్ళు వదిలాను. గేదెకి గడ్డి కోసుకొచ్చేసరికి మోకాళ్ళ దాకా బురద. కాళ్ళు కడుక్కుంటుంటే మూర్తి గారి ఫోన్, విశాఖపట్నం నుంచి. నా పుస్తకం వేసిన ఆయన.

"మేడమ్, ఒక చిన్న వీడియో కావాలి. జీడితోటలో మీరు నడుచుకుంటూ వస్తారు. చేతిలో పుస్తకం. నవ్వుతూ."

"వాన పడుతోందండి."

"వానైతే ఇంకా మంచిది మేడమ్. రొమాంటిక్‌గా ఉంటుంది."

వానలో జీడితోటలోకి పాముల్ని చూసుకుంటూ వెళ్తాం. నవ్వుకుంటూ ఎవరూ వెళ్ళరు. అయినా సరే అన్నాను. ఆయన ఏది అడిగినా సరే అనే అంటున్నాను ఈ మధ్య.

జూలై 12, శనివారం

వీడియో అయింది. అత్త చేతికి ఫోన్ ఇచ్చి ఎర్ర గుండ్రం నొక్కమన్నాను. మొదటిసారి తన వేలే పడింది. తర్వాత నా కాళ్ళు పడ్డాయి. చివరికి కుదిరింది.

చూసి అంది — "నా కొడుకు బతికుండగా ఇలగ ఒక్కసారైనా నవ్వినావేటే?"

"నీ కొడుకు ఎప్పుడైనా ఇలాగ ఎదురుగా నిలబడి నవ్వమన్నాడా అత్తా?"

"ఆడికి నవ్వంటే తెలిస్తే కదా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు వీడియోలో లేదు.

మూర్తి గారికి పంపాను. సాయంత్రానికి అందరి ఫోన్లలో ఉంటుందట. ఆ మాట విన్నాక అన్నం సయించలేదు.

జూలై 13, ఆదివారం

బస్సు కాంప్లెక్స్ దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాను. వెనక ఫ్లెక్సీ. నా మొహం నీళ్ళ అండా అంత ఉంది. కింద "పల్లె ప్రేమల రచయిత్రి నూకరత్నం". పైన పుస్తకం పేరు — శ్రావణానికి రాను.

ఆషాఢంలో పుట్టింటికి వచ్చిన కొత్త పెళ్ళికూతురు శ్రావణం వచ్చినా అత్తారింటికి వెళ్ళదు. బస్సెక్కి, మనసిచ్చినవాడి దగ్గరికి పోతుంది. అదీ కథ. ఈ నెలలోనే అమ్మాలని మూర్తి గారి పట్టు. ఆయన అన్నది నిజమే. కొత్త పెళ్ళికూతుళ్ళందరూ పుట్టిళ్ళలోనే ఉన్నారు. తల్లుల్ని వెంటబెట్టుకుని బట్టల కొట్లకి వస్తున్నారు. ఫ్లెక్సీ చూసి మోచేత్తో పొడుచుకుంటున్నారు.

జీడిపప్పు బట్టీలో నాతో పనిచేసిన బంగారమ్మ ఆగింది. "ఓలే రత్నం, నీ బొమ్మ ముక్కు మీద వాన కారతంది, తుడుసుకో." పుస్తకం తిప్పి చూసి పెట్టేసింది. "నోటితో సెప్పినప్పుడు ఊరికే ఇన్నాం. ఇప్పుడు డబ్బులెట్టి కొనాలేటి?"

మెడలో కొత్త పసుపుతాడుతో ఒక సన్నపాటి గుంట చాలాసేపు నిలబడింది. తల్లి బస్సు కోసం అటు వెళ్ళగానే గబుక్కున ఒకటి తీసుకుంది. పేరు అడిగి సంతకం పెట్టాను. "సంతోషికి." పుస్తకం చున్నీ కింద దాచుకుని వెళ్ళింది.

జూలై 14, సోమవారం

ఫోన్లు మొదలయ్యాయి. "మీరే రాశారాండీ? సొంత అనుభవమా?" అని ఒకడు. ఇంకొకడు ఏమీ మాట్లాడలేదు. ఊపిరి వినిపించింది. పెట్టేశాను. మళ్ళీ చేశాడు.

పుస్తకం చివరి పేజీలో "ప్రతులకు" అని ఉంటుంది. దాని కింద నా పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు. ఎవరి పుస్తకం చూసినా ఉండేదే. పెద్ద పెద్దవాళ్ళ పుస్తకాల్లోనూ ఉంటుంది. అందుకని అప్పుడేమీ అనిపించలేదు.

ఇప్పుడు వీధి తలుపు గడియ పగలే వేస్తున్నాను.

జూలై 16, బుధవారం

ఆవిష్కరణ సభ ఆషాఢంలో వద్దట. శ్రావణం వచ్చిన మొదటి ఆదివారం, లైబ్రరీ హాల్లో. "నేను ప్రేమకథలే ఎందుకు రాస్తాను" అని మాట్లాడాలట. రాసుకుందామని కూర్చున్నాను. 

ఎందుకంటే... బట్టీలో జీడిపప్పు పొట్టు తీసే చోట ఊరుకుని కూర్చుంటే నిద్రొస్తుంది. నిద్రొస్తే పప్పు విరుగుతుంది. విరిగితే మేస్త్రీ తిడతాడు. అందుకని ఎవరో ఒకరు ఏదో చెప్తూ ఉండాలి. దెయ్యాల కథ చెప్తే చేతులు ఆగిపోయేవి. దేవుడి కథ చెప్తే కళ్ళు మూతపడేవి. ప్రేమకథ అయితే చేతులు ఆడుతూనే ఉండేవి. సాయంత్రం గంట కొట్టేవేళకి సరిగ్గా అమ్మాయి గుమ్మం దాటే చోట ఆపేదాన్ని. మర్నాడు అందరూ బేగి వచ్చేవాళ్ళు. "తర్వాతేటి?"

ఆ మాట కోసమే రాస్తున్నాననుకుంటా. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నన్ను ఆ మాట అడగలేదు. నేనూ ఆయన్ని అడగలేదు.

ఇది మైకులో ఎలా చెప్తాను.

జూలై 17, గురువారం

గేదెకి ఒంట్లో బాగాలేదు. నీళ్ళు ముట్టలేదు. ఏమీ రాయలేదు.

జూలై 18, శుక్రవారం

పేడ తీస్తుంటే అత్త కేక. "ఓలే, నీ పుస్తకం సదివి ఒకర్తి వచ్చినాది. సంచీతో వచ్చినాది." సంచీ అనేటప్పుడు గొంతు తగ్గించింది.

కాంప్లెక్స్ దగ్గర పుస్తకం కొన్న గుంటే. సంతోషి. గుమ్మం బయటే నిలబడింది, చెప్పులు విప్పకుండా. పుట్టిల్లు రోలుగుంట వైపట.

"మీరే కదా మేడమ్ గారూ రాసినారు, రమ్మని."

నేను రాయలేదు. చిరునామా కింద మూర్తి గారు ఒక ముక్క కలిపారు — "నర్సీపట్నం వస్తే తప్పక మా ఇంటికి రండి." పల్లెటూరి రచయిత్రి అన్నట్టు ఉంటుందని. నేనూ తీసెయ్యమనలేదు. ఆ మాట ఎవరితోనైనా అంటాం కదా. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా అంటాం.

"శ్రావణం వచ్చీస్తంది మేడమ్ గారూ. నాను ఎల్లను" అంది.

నావి పేడ చేతులు. వెనక్కి పెట్టుకున్నాను.

జూలై 19, శనివారం

అత్త అడిగింది. నేను వింటూ కూర్చున్నాను.

"మీవోడు కొడతాడేటే?"

"లేదు."

"తాగుతాడా?"

"లేదు."

"మరింకేటి నీకు?"

సంతోషి వేళ్ళు విరుచుకుంది. తర్వాత — "తాళం ఏసీసి ఎల్తాడు."

"ఏసుకోడా మరి, దొంగలుండరా?"

"నన్ను లోపలెట్టి."

యలమంచిలిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. పేరు రమణ. పొద్దున్న బయట తాళం వేసి వెళ్తాడు. సాయంత్రం వచ్చి తీస్తాడు. వంటింట్లో చిన్న కెమెరా పెట్టాడు. కొట్లో కూర్చుని చూస్తాడు. ఈ పిల్ల గోంగూర కోస్తుంటే ఫోన్ వస్తుంది — కాడలు వదిలేస్తున్నావు, సరిగ్గా తియ్యి. కిటికీ దగ్గర నిలబడితే ఫోన్ వస్తుంది. ఒక్క మాట గట్టిగా అనడట. అన్నీ నవ్వుతూనే.

"అమ్మకి సెప్పినాను. పెళ్ళాన్ని కళ్ళల్లో ఎట్టుకుని సూసుకుంటన్నాడు, నీకు అదురుష్టం అంది."

అత్త ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్ళి ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోసింది.

సంతోషి దగ్గర ఫోన్ లేదు. పుట్టింట్లోనే వదిలేసి వచ్చింది. ఎక్కడుందీ అతనికి తెలిసిపోతుందని.

జూలై 20, ఆదివారం

వాన తెరిపిచ్చింది. నారు తేరుకుంటోంది. సంతోషి గేదెకి కుడితి పెట్టింది. తాగింది. నేను పెడితే తాగలేదు.

నన్ను పిన్నీ అంటోంది ఇప్పుడు.

"పిన్నీ, మీ కతలో ఆ అమ్మాయి బస్సెక్కినాది కదా. తరవాత పేజీలో ఆరు నెల్లయిపోనాయి. కొండ మీద పెళ్ళి."

"అవును."

"బస్సు దిగినాక ఆ రాత్రి ఎక్కడ తొంగున్నాది? మర్నాడు ఏటి తిన్నాది? ఎవులూ ఎతకలేదా? నాను రెండుసార్లు సూసినాను, పేజీ ఊడిపోనాదేమో అని."

పేజీ ఊడిపోలేదు. నాకు తెలీక రాయలేదు. ఆ మాటే చెప్పాను.

"మీ కతలో గోపాలం లాంటోడు నాకెవుడూ లేడు" అంది. "నాకు ఒట్టి బస్సే ఉంది."

బట్టీలో ఎవరూ ఇలా అడగలేదు. గుమ్మం దాటిందంటే చాలు, ఊపిరి పీల్చుకునేవాళ్ళు. మర్నాడు పెళ్ళి దగ్గర ఎత్తుకునేదాన్ని.

జూలై 21, సోమవారం

చీర ఉతుకుతూ మామూలుగా అడిగాను. పుస్తకం తెచ్చుకున్నావా అని.

"తేలేదు. సిరునామా కంఠతా వచ్చీసినాది."

"మరి పుస్తకం?"

"అమ్మోలింటి కాడ. తలగడ కింద."

తలగడ కింద వెతకనివాళ్ళు ఎవరుంటారు.

పోలీస్ స్టేషన్‌కి వెళ్దామన్నాను. వద్దంది. వాళ్ళ చిన్నాన్న కూతురు ఒకసారి మొగుడి మీద చెప్పడానికి స్టేషన్‌కి వెళ్ళిందట. ఇద్దర్నీ కూర్చోబెట్టి మంచి మాటలు చెప్పి, మళ్ళీ ఆ మొగుడి బండి మీదే పంపారట.

"మీరొస్తే ఎల్దాం పిన్నీ. మీరు మాట్లాడతారా?"

నేను మాట్లాడతానా. సభలో నాలుగు మాటలు చెప్పడానికే వారం నుంచి రాస్తూ కొట్టేస్తున్నాను. చూద్దాం అన్నాను. ఉతికిన చీరే మళ్ళీ ఉతికాను.

జూలై 22, మంగళవారం

చేపల పోలమ్మ వచ్చింది. పాయకరావుపేట అవతల సముద్రం ఒడ్డు ఊరు ఆమెది. మొదటి బస్సుకి బుట్టతో వస్తుంది. నెత్తళ్ళు తెచ్చింది. అత్తకీ ఆమెకీ బేరం అంటే అరగంట.

"పోలీ, ఇవి నెత్తళ్ళా సీమలా?"

"కళ్ళు కనిపించకపోతే సేతితో తడుముకో అత్తా."

సంతోషిని చూసింది. ఎవరని అడగలేదు. తర్వాత నా దగ్గరకొచ్చి మెల్లగా — "పారిపోయొచ్చినాదా?"

డబ్బులు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాను.

"నాను ఇద్దర్ని ఒదిలీసినాను రత్నమ్మా. ఒకడు తన్నీవోడు, ఒకడు తిని తొంగునీవోడు. పుస్తకం రాస్తే నా మీద రాయి. అందులో కొండ మీద పెళ్ళి ఉండదు గాని సేపలుంటాయి." పెద్దగా నవ్వి బుట్ట నెత్తికెత్తుకుంది.

నెత్తళ్ళు ముగ్గురం తిన్నాం. చాలా రోజులకి కడుపునిండా.

జూలై 23, బుధవారం

ఫోన్. కొత్త నంబరు.

"నమస్తే అమ్మా. నూకరత్నం గారేనాండి? నా పేరు రమణ అండి. యలమంచిలి."

గొంతు మెత్తగా ఉంది. చదువుకున్నవాడి గొంతు.

"మీ పుస్తకం చాలా బావుందమ్మా. మా ఆవిడ కొన్ని పేజీలు మడతపెట్టి ఉంచింది. అవే రెండుసార్లు చదివాను."

"సంతోషం బాబూ."

"ఆవిడ మీ దగ్గరికి ఏమైనా వచ్చిందాండి? మీరు రమ్మని రాశారు కదా, అందుకని."

"లేదు. ఇక్కడెవరూ లేరు."

"పర్లేదమ్మా. చిరునామా ఉంది కదా. నేనే ఒకసారి వస్తాను. రచయిత్రి గారిని చూసినట్టూ ఉంటుంది."

ఫోన్ పెట్టేసి తిరిగాను. సంతోషి తలుపు వెనక నిలబడి ఉంది. ఎవరని అడగలేదు. గొంతు బయటకి వినపడింది.

జూలై 24, గురువారం

అమావాస్య. ఎవరూ రాలేదు. వీధిలో బండి ఆగిన ప్రతిసారీ ముగ్గురం పని ఆపేశాం.

జూలై 25, శుక్రవారం

శ్రావణం వచ్చింది. అత్త గుమ్మానికి పసుపు రాసి లక్ష్మీదేవికి పూజ చేసుకుంది. సంతోషికి బొట్టు పెట్టి, పూలు ఇచ్చింది. ఆ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే "ఏడిస్తే తల్లి ఎల్లిపోద్ది, ఊరుకో" అని కసిరింది.

మధ్యాహ్నం సంతోషి తల్లి ఫోన్ చేసింది. అతను దగ్గరుండి చేయించాడు. పక్కన అతని గొంతు వినిపిస్తోంది.

"అమ్మా, మీకు దండవెడతాను. పిల్లని పంపీండమ్మా. అల్లుడు గారు వచ్చి కూకున్నారు. కొత్త సీర తెచ్చినారు. శ్రావణం వచ్చినాక కూడా పంపకపోతే ఊర్ల తలెత్తుకోలేం."

ఇక్కడ లేదన్నాను. రెండోసారి అబద్ధం తేలిగ్గా వచ్చింది. దానికీ భయమేసింది.

మూర్తి గారికి చేసి సభ ఆపెయ్యమన్నాను. ఒంట్లో బాగాలేదని.

"మేడమ్, కార్డులు పంచేశాం. పెద్దలు ముగ్గురు వస్తున్నారు. మీరు వచ్చి కూర్చోండి చాలు."

సరే అన్నాను.

జూలై 26, శనివారం

రేపు సంతోషిని ఎక్కడ పెట్టాలి. సభకి తీసుకెళ్ళలేను. ఇంట్లో అత్త ఒక్కతే.

"నాను సచ్చినానేటి? నువ్వు ఎల్లి నీ పేమ మాటలు సెప్పుకొచ్చీ" అంది అత్త. కత్తిపీట నూరుతోంది. కూరలకేనంది.

సంతోషి సంచీ సర్దుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ సర్దుకుంటోంది. "నావల్ల మీకు కట్టం. ఎల్లిపోతాను పిన్నీ."

"ఎక్కడికి?"

చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. ఈ పాటికి నాకు ఏదో ఒక ఊరు తోచాలి. నవలలో అయితే తోస్తుంది. ఊరి పేరు పెట్టి, అక్కడ ఒక మంచి టీచరమ్మని పెట్టి, ఒక వీధి పెట్టేస్తాను.

ఉండు, వెళ్ళకు అన్నాను. ధైర్యం ఉండి అన్న మాట కాదు. వెళ్తే ఏమవుతుందో అని.

జూలై 27, ఆదివారం

సభ అయింది. వరసగా రాయాలి, లేకపోతే కలిసిపోతుంది.

హాలు నిండింది. ఎక్కువ ఆడవాళ్ళే. బంగారమ్మ కూడా వచ్చింది, బట్టీ వాళ్ళని వెంటేసుకుని. శాలువా కప్పారు. ఉక్క. వేదిక మీద పెద్దలు ఒకరి తర్వాత ఒకరు ప్రేమ గురించి మాట్లాడారు. ప్రేమ పవిత్రమైనదన్నారు. నేను ముందు వరస చూస్తున్నాను.

రెండో కుర్చీలో కూర్చున్నాడు. తెల్ల చొక్కా, సన్నటి మీసం. ఒళ్ళో పుస్తకం. ఎవరూ చెప్పలేదు, తెలిసిపోయింది. అందరూ చప్పట్లు కొడుతుంటే కొట్టాడు. అందరికంటే కాస్త ఆలస్యంగా ఆపాడు.

నా వంతు. లేచాను. రాసుకున్న కాగితం తీయలేదు. "జీడిపప్పు బట్టీలో కథలు చెప్పేదాన్ని. వీళ్ళు విన్నారు. అందుకని రాశాను." కూర్చున్నాను. బంగారమ్మ ఈల వేసింది. పెద్దాయన ఒకరు "నిరాడంబరత" అన్నారు. 

తర్వాత సంతకాలు. వరసలో నిలబడ్డాడు. ముందున్న ముసలావిడకి పక్కకి జరిగి దారి ఇచ్చాడు కూడా.

పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. మొదటి పేజీలో నా చేతి రాతే ఉంది. "సంతోషికి."

"ఒకసారి సంతకం చేశారమ్మా ఇందులో. ఆవిడ ఒక్కదానికే చేశారు. ఇప్పుడు ఇద్దరికీ అని రాయండి."

చుట్టూ జనం. మూర్తి గారు పక్కనే నిలబడి నవ్వుతున్నారు. ఒక్క కేక వేస్తే చాలు. ఏమని వెయ్యాలి. ఏం చేశాడని చెప్పాలి. పుస్తకం తెచ్చాడు, సంతకం అడిగాడు.

రాశాను. "సంతోషికి, రమణకి." కింద పేరు. నా పేరే తప్పు రాసి కొట్టేసి మళ్ళీ రాశాను.

"థ్యాంక్సమ్మా. ఇంటికి వస్తాను. రమ్మన్నారు కదా."

మూర్తి గారు — "మేడమ్ అభిమానులు చూడండి, ఎంత మర్యాదస్తులో."

మూర్తి గారిని కారులో దింపమన్నాను. ఇల్లు ముందు చేరాలి. చేరాను. తలుపు తీసే ఉంది. అత్త అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. లోపల ఎవరూ లేరు. సంచీ లేదు.

"అత్తా, ఏదీ?"

"ఎవులు?"

"అత్తా!"

"ఎల్లినాది. బాగుంటాది."

"ఎక్కడికి?"

తలెత్తి చూసింది నన్ను. శాలువా చూసింది. "నీకు సెప్తే రేపు పుస్తకంలో ఉంటాది" అంది. మళ్ళీ చింతపండు అందుకుంది.

నాకు కోపం రాలేదు. కాళ్ళు కడుక్కుంటుంటే అతను వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విప్పాడు. అత్త కూర్చోమంది. కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగాడు. "ఇల్లు చూడొచ్చా అమ్మా, రచయిత్రి గారు ఎక్కడ కూర్చుని రాస్తారో" అన్నాడు. చూపించాను. వంటిల్లు చూశాడు, పడకటిల్లు చూశాడు. గేదెల శాల చూశాడు. తాడు మీద ఆరేసిన బట్టలు ఒక్కొక్కటే చూశాడు.

"ఎవులికోసం బాబూ?" అంది అత్త.

"ఎవరికోసమూ కాదండి."

వెళ్ళేటప్పుడు అత్త కాళ్ళకి దణ్ణం పెట్టాడు. చెయ్యి తీసేదాకా అత్త కదల్లేదు. వెళ్ళాక బిందెడు నీళ్ళు తెచ్చి పాదాల మీద పోసుకుంది.

జూలై 28, సోమవారం

వాన లేదు. ఎండ చురుక్కుమంటోంది. నారు తీతకి మనుషుల్ని చెప్పుకున్నాను గానీ పొలం వెళ్ళలేదు. తలుపు తీసేసరికి ఎదురుగా అప్పలరాజు టీ కొట్లో రమణ కూర్చున్నాడు. నిన్నటి చొక్కాయే. నన్ను చూసి నమస్కారం పెట్టాడు.

టీ తాగాడు. ఇంకో టీ చెప్పాడు. అప్పలరాజుతో మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. అక్కడ టీ తాగేవాళ్ళకి తనే డబ్బులిచ్చాడు.

తర్వాత లేచి వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. ఊపిరి తీసుకున్నాను.

కాసేపటికి అప్పలరాజు గ్లాసులు కడుక్కుంటూ కేకేశాడు. "రత్నమ్మా, నీ ఇంటికొచ్చిన గుంట ఆ బాబుకి సెల్లెలంట కదా. ఇంట్ల అలిగి వచ్చీసినాదంట. పాపం ఊరూరా తిరుగుతన్నాడు."

"నువ్వేం చెప్పావు?"

"నిన్న మద్దేనం సేపల పోలమ్మతో ఆటో ఎక్కినాది కదా, అదే సెప్పినాను. పాయకరావుపేట బస్సెక్కితే సముద్రం కాడ ఎవుల్ని అడిగినా పోలమ్మిల్లు సెప్తారన్నాను. మంచోడులాగున్నాడు. టీకి సిల్లర కూడా ఒగ్గీసినాడు."

అత్త గుమ్మంలోనే ఉంది. వింది. చేతిలో చేట కింద పెట్టింది.  లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది.

"నేనూ వస్తాను అత్తా."

"నువ్వొద్దు. నీ మొగం కాంప్లెక్స్ కాడ ఇంత కట్టినారు. ఆ వీడియోలు ఎవుల ఫోన్లో సూసినా నువ్వే. నువ్వు దిగితే ఎందుకొచ్చినావో ఊరంతా తెలుస్తాది. నన్నెవులు సూస్తారు, ముసిల్దాన్ని."

"అతను ముందు వెళ్ళాడు. నువ్వు చేరేసరికి..."

"అందుకే గమ్మునుండు. బేగి ఎల్లనీ."

చెప్పులు వేసుకుని నడిచింది. మోకాలు నొప్పి. ఆ నడక పరుగులా ఉంది.

పోలమ్మకి ఫోన్ చేస్తున్నాను. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్ళీ చేస్తున్నాను. చేపల వేలంపాట జరిగే చోట ఉంటే వినపడదు.

మధ్యలో మూర్తి గారి ఫోన్. నిన్నటి సభ వీడియో చాలామంది చూస్తున్నారట. రెండో ముద్రణ వేద్దామంటున్నారు. చివరి పేజీ తీసెయ్యండి అన్నాను. "ఎందుకు మేడమ్, అదే కదా అందం" అన్నారు. తీసెయ్యండి అని మళ్ళీ అన్నాను. గొంతు పెద్దదైంది. 

పోలమ్మ ఎత్తడం లేదు.

అతను పది గంటల పేట బస్సుకి వెళ్ళాడు. అత్త దాని వెనక బస్సుకి.